నెల తప్పక ముందే

అది వరంగల్ జిల్లాలో ఒక పల్లె. ఊరి పేరు ఏదైనా కావచ్చు. ఇలాంటి కథ ఏ ఊళ్ళోనైనా జరగవచ్చు.

పత్తి ఏరే రోజులు. పొద్దు గూకింది. చేలకు పోయిన ఆడవాళ్ళు ఇళ్ళకు చేరారు. అన్నాలు తిన్నారు. అంగన్‌వాడీ బడి ముందు చాపలు పరుచుకుని కూర్చున్నారు. ఆ రోజు పొదుపు సంఘం మీటింగు. పైసలు లెక్క పెట్టారు. పుస్తకంలో ఎవరి పేరు ముందు వాళ్ళు సంతకం పెట్టారు.

ఒక మూలన ఒక కోడలు కూర్చుంది. తల వంచుకుంది. ఎవరితోనూ మాట్లాడలేదు. ఆమెకు ఇరవై రెండేళ్ళు. ఆరు నెలల కింద కాన్పు అయింది. తొలిచూలు. బిడ్డ దక్కలేదు. బిడ్డకు తల పై భాగంలో ఎముక ఏర్పడలేదు. మెదడు కూడా సరిగా తయారు కాలేదు. పుట్టిన కొద్దిసేపటికే బిడ్డ కన్ను మూసింది.

ఆనాటి నుంచి ఊళ్ళో తలో మాట.

"గ్రహణం నాడు బయట తిరిగిందట."

"గ్రహణం పూట కత్తిపీట పట్టిందట."

"ఎవరో ఏదో చేసిండ్రు."

"ఆ పిల్ల అడుగే మంచిది కాదు."

అత్త కూడా ఇవన్నీ నమ్మింది. కోడలిని సూటిపోటి మాటలు అన్నది. కొడుకుకు మళ్ళీ పెళ్ళి చేయమని ఒకరిద్దరు చుట్టాలు చెవిలో వేశారు. కోడలికి తిండి సహించలేదు. నిద్ర పట్టలేదు. "నేనేం తప్పు చేసిన?" అని తనలో తానే కుమిలిపోయింది.

ఆ రోజు మీటింగుకు ఏఎన్ఎం వచ్చింది. ఊరివాళ్ళు ఆమెను నర్సమ్మ అంటారు. ఆశా కార్యకర్త కూడా వచ్చింది. నర్సమ్మ నేరుగా కోడలి పక్కకు పోయి కూర్చుంది. ఆమె చెయ్యి పట్టుకుంది.

"బిడ్డా, నీ తప్పు ఏమీ లేదు" అన్నది.

కోడలి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆరు నెలల్లో ఆ మాట అన్నవాళ్ళు ఒక్కరూ లేరు.

గ్రహణం చేసిందా?

అత్త ఊరుకోలేదు. "తప్పు లేకుంటే గట్ల ఎందుకైతది నర్సమ్మా? గ్రహణం నాడు కూరగాయలు కోసింది. నేను కండ్లార చూసిన" అన్నది.

నర్సమ్మ కోపం తెచ్చుకోలేదు. మెల్లగా అడిగింది.

"గ్రహణం పట్టిననాడు నీ కోడలికి ఎన్నో నెల అత్తమ్మా?"

"ఐదో నెల."

"బిడ్డ తల, వెన్నుపూస తయారయ్యేది ఎప్పుడో తెలుసా? మొదటి నెలల. మొదటి నెలల ఆగిపోయిన పనిని ఐదో నెల గ్రహణం ఎట్ల చెడగొడతది?"

అత్త జవాబు చెప్పలేదు.

"ఇంకొక మాట. ఆ గ్రహణం మన ఊరికే పట్టిందా? మొత్తం జిల్లాకు పట్టింది. ఆ రోజు జిల్లాల ఎంతమంది కడుపుతోని ఉంటరు? వాళ్ళందరి పిల్లలకూ ఇట్లనే అయిందా?"

ఒక అవ్వ అందుకున్నది. "మరి గ్రహణం మొర్రి అంటరు గదా నర్సమ్మా?"

"పేరుల గ్రహణం ఉన్నది అవ్వా. కారణంల లేదు. కడుపుల మొదటి మూడు నెలలల్ల పై పెదవి, అంగిలి కలవాలె. కలవకపోతే మొర్రి అయితది. దానికి ఆపరేషన్ ఉన్నది. పెదవి చక్కగ అయితది. గ్రహణం అంటే నీడ. నేల నీడ చందమామ మీద పడితే చంద్రగ్రహణం. చందమామ నీడ నేల మీద పడితే సూర్యగ్రహణం. నీడ కడుపుల బిడ్డను ముట్టదు."

"మరి ఎందుకైంది?" అని అందరూ ఒక్కసారే అడిగారు.

నర్సమ్మ చెప్పిన సంగతులు ఇవి. మనం కూడా తెలుసుకుందాం.

కడుపులో మొదటి నెల

బీడీలు చుట్టే అక్కలకు తునికాకు తెలుసు. ఆకు మొదట పలుచగా, సాపుగా ఉంటుంది. దాన్ని చుడితే గొట్టం అవుతుంది. అంచులు సరిగా కలిస్తేనే బీడీ నిలుస్తుంది.

కడుపులో బిడ్డ కూడా మొదట నువ్వుగింజ అంత ఉంటుంది. దాని వీపు మీద ఒక సన్నని పట్టీ ఏర్పడుతుంది. ఆ పట్టీ అంచులు పైకి లేస్తాయి. ఒకదానితో ఒకటి కలుస్తాయి. గొట్టంగా మారతాయి. ఆ గొట్టం పై భాగం మెదడు అవుతుంది. కింది భాగం వెన్నుపాము అవుతుంది. వెన్నుపాము అంటే వెన్నెముక లోపల ఉండే నరాల తాడు. కాళ్ళు కదలాలన్నా, మూత్రం ఆపుకోవాలన్నా ఆ తాడే పని చేయాలి.

కొన్నిసార్లు ఆ గొట్టం పూర్తిగా మూసుకోదు. పై భాగం మూసుకోకపోతే తల ఎముక, మెదడు సరిగా ఏర్పడవు. ఆ బిడ్డ బతకదు. కడుపులోనే పోతుంది, లేదా పుట్టగానే పోతుంది. దీన్ని డాక్టర్లు అనెన్‌సెఫలీ అంటారు.

కింది భాగం మూసుకోకపోతే వీపు మీద సందు మిగులుతుంది. అక్కడ తిత్తి లాగా ఉబ్బి కనపడుతుంది. దీన్ని స్పైనా బైఫిడా అంటారు. ఇలాంటి పిల్లలు చాలామంది బతుకుతారు. కానీ కొందరికి కాళ్ళలో బలం ఉండదు. మలమూత్రాల మీద అదుపు ఉండదు. కొందరికి తలలో నీరు చేరి తల పెద్దదవుతుంది.

ఇవి శాపాలు కావు. ఎవరి పాపమూ కాదు. గొట్టం మూసుకునే పనిలో వచ్చిన లోపాలు. వీటికి కారణాలు చాలా ఉన్నాయి. అన్ని కారణాలూ మన చేతిలో లేవు. కానీ ఒక కారణం మన చేతిలో ఉంది. అది ఫోలిక్ యాసిడ్ అనే విటమిను తక్కువ కావడం.

రోజులు లెక్క పెడదాం

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి. వేళ్ళు మడిచి లెక్క పెట్టండి. నెలసరి సరిగా 28 రోజులకు వచ్చే స్త్రీ అనుకుందాం.

1వ రోజు: నెలసరి మొదలైంది.

14వ రోజు, కొంచెం అటూ ఇటూ: కడుపు నిలిచింది. ఆమెకు తెలియదు.

28వ రోజు దాటింది: నెలసరి రాలేదు. "రేపు వస్తుందేమో" అనుకుంది.

42వ రోజు: బిడ్డ వెన్ను గొట్టం మూసుకోవడం అయిపోయింది.

అంటే కడుపు నిలిచిన 28 రోజులకే ఆ పని ముగుస్తుంది. నెల తప్పిన తరువాత మిగిలేది రెండు వారాలే. ఆ రెండు వారాల్లో మనం ఏం చేస్తాం? చాలామందికి అనుమానం కూడా రాదు. పనుల అలసట అనుకుంటారు. ఎండ దెబ్బ అనుకుంటారు. కొందరు రెండో నెల నిండాక అత్తకు చెబుతారు. మూడో నెలలో నర్సమ్మ దగ్గర పేరు రాయిస్తారు. అప్పుడు గోలీలు ఇస్తారు.

ఆ గోలీలు అవసరమే. అవి రక్తానికి బలం. కానీ వెన్ను గొట్టానికి అవి ఆలస్యం. తలుపు మూసుకున్న తరువాత వచ్చిన చుట్టం లాంటివి.

మీటింగులో ఈ లెక్క విని ఒక అక్క అన్నది: "పల్లీలు విత్తే ముందే విత్తనానికి మందు కలుపుతం. మొలక వచ్చినంక కలిపితే ఏం లాభం?"

"నేను గంటసేపు చెప్పేది నువ్వు ఒక్క మాటల చెప్పినవ్" అన్నది నర్సమ్మ.

ఫోలిక్ యాసిడ్ కథలో మనవాళ్ళు

ఫోలిక్ యాసిడ్ ఒక విటమిను. ఆకుకూరల్లో ఉంటుంది. లాటిను భాషలో ఆకును "ఫోలియం" అంటారు. అందుకే ఆ పేరు వచ్చింది. మన ఒంట్లో కొత్త రక్తం తయారు కావాలంటే ఇది కావాలి. కడుపులో బిడ్డ వేగంగా పెరగాలంటే ఇది ఇంకా ఎక్కువ కావాలి.

దీని కథ మన దేశంలోని గర్భిణులతోనే మొదలైంది. 1928లో లూసీ విల్స్ అనే ఇంగ్లండు డాక్టరమ్మ బొంబాయికి వచ్చింది. అక్కడ బట్టల మిల్లుల్లో ఆడవాళ్ళు పని చేసేవారు. వరంగల్‌లో ఒకప్పుడు ఆజంజాహి మిల్లు ఉండేది కదా, అలాంటి మిల్లులు. ఆ మిల్లుల్లో పని చేసే గర్భిణులు రక్తం లేక పాలిపోయేవారు. కొందరు చనిపోయేవారు. వాళ్ళు ఏం తింటున్నారో లూసీ విల్స్ పరీక్షించింది. కూరలు, పండ్లు, పాలు చాలా తక్కువ. ఈస్టు నుంచి తీసిన సారం తినిపిస్తే వాళ్ళకు రక్తం పట్టింది. ఆ సంగతి 1931లో లోకానికి తెలిపింది. ఆ సారంలో ఉన్న మేలు చేసే పదార్థమే ఫోలిక్ యాసిడ్ అని తరువాత తేలింది.

ఇక రెండో మనిషి తెలుగువాడు. పేరు యల్లాప్రగడ సుబ్బారావు. 1895లో భీమవరంలో పుట్టాడు. ఆయన అన్నదమ్ములు ఇద్దరు స్ప్రూ అనే జబ్బుతో చనిపోయారు. ఆ జబ్బులో విరేచనాలు ఆగవు. తిన్నది ఒంటికి పట్టదు. రక్తం తగ్గిపోతుంది. సుబ్బారావు మద్రాసులో వైద్యం చదివాడు. తరువాత అమెరికా చేరాడు. అక్కడ లెడర్లీ అనే మందుల కంపెనీలో పరిశోధనకు పెద్దగా పని చేశాడు. ఆయన నడిపిన బృందం 1945లో ఫోలిక్ యాసిడ్‌ను ప్రయోగశాలలో తయారు చేసింది. స్ప్రూ జబ్బుకు కూడా అది మందు అయింది. మూడేళ్ళకే, 1948లో, ఆయన కన్నుమూశాడు.

అంతకు ముందు బండెడు ఆకుల నుంచి చిటికెడు కూడా దొరికేది కాదు. ప్రయోగశాలలో తయారీ తెలిశాక గోలీ చౌక అయింది. ఈ రోజు మన చేతికి వచ్చే చిన్న గోలీ వెనుక బొంబాయి మిల్లు కూలీ తల్లులు ఉన్నారు. ఒక తెలుగువాడి కష్టం కూడా ఉంది.

గోలీ పని చేస్తుందని ఎలా తెలుసు?

ఒకసారి ఇలాంటి లోపం ఉన్న బిడ్డ పుట్టిన తల్లికి మళ్ళీ అదే జరిగే భయం ఎక్కువ. ఇలాంటి తల్లుల మీద ఏడు దేశాల్లో ఒక పెద్ద పరీక్ష జరిగింది. కడుపు రాకముందు నుంచే కొందరికి ఫోలిక్ యాసిడ్ ఇచ్చారు. కొందరికి ఇవ్వలేదు. 1991లో ఫలితం వచ్చింది. గోలీ వేసుకున్న తల్లుల్లో ఈ లోపాలు బాగా తగ్గాయి. వంద జరగవలసిన చోట 72 తప్పిపోయాయి.

ఆ తరువాత చాలా దేశాలు మేలుకున్నాయి. అమెరికాలో 1998 నుంచి గోధుమపిండిలోనే ఫోలిక్ యాసిడ్ కలపాలని నియమం పెట్టారు. అక్కడ ఇలాంటి పుట్టుకలు తగ్గాయి.

ఒక మాట గుర్తు పెట్టుకోవాలి. గోలీ వేసుకుంటే అన్ని లోపాలూ పోతాయని కాదు. వందకు వంద హామీ ఎవరూ ఇవ్వలేరు. కానీ చాలావరకు తప్పించవచ్చు. తప్పించగలిగిన దుఃఖాన్ని ఎందుకు తెచ్చుకోవాలి?

ఎంత వేసుకోవాలి? ఎప్పుడు?

ఎవరికి: పిల్లలు కావాలనుకునే ప్రతి స్త్రీకి. పెళ్ళి ఖాయమైన పిల్లకు కూడా.

ఎంత: రోజుకు 400 మైక్రోగ్రాములు. వెయ్యి మైక్రోగ్రాములు కలిస్తే ఒక మిల్లీగ్రాము. అంటే 400 మైక్రోగ్రాములు అర మిల్లీగ్రాము కన్నా తక్కువ.

ఎప్పటి నుంచి: కడుపు రావడానికి కనీసం ఒక నెల ముందు నుంచి. రెండు మూడు నెలల ముందు నుంచి అయితే ఇంకా మంచిది.

ఎప్పటి దాకా: మూడు నెలలు నిండే దాకా. నాలుగో నెల నుంచి ఎర్రగోలీ. అందులో ఇనుము, ఫోలిక్ యాసిడ్ రెండూ ఉంటాయి. అది రోజుకు ఒకటి, 180 రోజులు. కాన్పు తరువాత మళ్ళీ 180 రోజులు.

"కిశోర బాలికలకు బడిలో వారానికి ఒక నీలం గోలీ ఇస్తరు గదా. పెద్దవాళ్ళకు వారానికి ఒక ఎర్రగోలీ అంటరు. అది చాలదా?" అని ఒక అక్క అడిగింది. మంచి ప్రశ్న. వారపు గోలీ రక్తం తగ్గకుండా ఉండటానికి. అది మానకూడదు. 2019–21 సర్వేలో తెలంగాణ ఆడవాళ్ళలో నూటికి 57 మందికి పైగా రక్తహీనత కనపడింది. కానీ బిడ్డ వెన్ను గొట్టానికి వారానికి ఒకటి చాలదు. రోజూ 400 మైక్రోగ్రాములు అందాలి. కడుపు కోరుకునేవాళ్ళు నర్సమ్మతో ఆ మాట విడిగా చెప్పాలి. "నాకు పిల్లలు కావాలె. ఫోలిక్ యాసిడ్ గోలీలు ఇయ్యి" అని అడగాలి. అడగడానికి సిగ్గు పడొద్దు.

ఒకరోజు మరిచిపోతే భయం లేదు. మరునాడు ఎప్పటిలాగే ఒకటి వేసుకోవాలి. రెండు కలిపి వేసుకోవద్దు. గోలీల పట్టీ మీద గడువు తేదీ ఉంటుంది. ఇప్పుడు మీకు అంకెలు వచ్చు. నెల, సంవత్సరం చూసి వేసుకోండి.

గోలీ గురించి కొన్ని పుకార్లు ఉన్నాయి. "బిడ్డ నల్లగా పుడుతుంది" అంటారు. అది నిజం కాదు. బిడ్డ రంగు తల్లిదండ్రుల నుంచి వస్తుంది. "బిడ్డ పెద్దగా పెరిగి కాన్పు కష్టం అవుతుంది" అంటారు. అదీ నిజం కాదు. ఇనుము గోలీతో విరేచనం నల్లగా వస్తుంది. దానికి భయం అక్కరలేదు.

కూరలు తింటే చాలదా?

"మేము రోజూ పుంటికూర తింటం. ఇంక గోలీ ఎందుకు?" అని అవ్వ అడిగింది.

కూరలు తప్పకుండా తినాలి. తోటకూర, పాలకూర, బచ్చలికూర, పుంటికూర, మునగాకు తినాలి. శనగలు, పెసలు, అలసందలు, పల్లీలు తినాలి. గుడ్డు, బత్తాయి కూడా మంచివి. బతుకమ్మ పండుగకు చేసుకునే సత్తుపిండి గుర్తుందా? పల్లీలు, పెసలు కలిపి చేసే ఆ పిండి పండుగకే కాదు, పని రోజులకూ మంచిదే.

కానీ కూరలోని ఫోలిక్ యాసిడ్ నీళ్ళలో కరిగిపోతుంది. వేడికి చెడిపోతుంది. మనం ఏం చేస్తాం? ఆకు కోసిన తరువాత కడుగుతాం. చాలాసేపు ఉడికిస్తాం. ఉడికిన నీళ్ళు పారబోస్తాం. బలమంతా ఆ నీళ్ళతోనే పోతుంది.

కాబట్టి ఆకు ముందు కడగాలి, తరువాత కోయాలి. తక్కువ నీళ్ళు పోయాలి. మూత పెట్టి కొద్దిసేపే ఉడికించాలి. నీళ్ళు మిగిలితే పప్పులో, చారులో పోయాలి.

ఇంత చేసినా కడుపు వచ్చే ముందు కావలసినంత కూరల నుంచే అందడం కష్టం. అందుకే కూర కూరే, గోలీ గోలీయే. రెండూ కావాలి.

డాక్టరును తప్పక కలవవలసినవాళ్ళు

కొందరికి 400 మైక్రోగ్రాములు చాలవు. వాళ్ళకు డాక్టరు ఎక్కువ మోతాదు రాస్తారు. వాళ్ళు ఎవరంటే:

ఇంతకు ముందు ఇలాంటి లోపంతో బిడ్డ పుట్టినవాళ్ళు.

భార్యకు గానీ, భర్తకు గానీ, వాళ్ళ ఇంట్లో గానీ ఇలాంటి లోపం ఉన్నవాళ్ళు.

ఫిట్సు మందులు వాడేవాళ్ళు. కొన్ని ఫిట్సు మందులు బిడ్డకు హాని చేస్తాయి. అయితే సొంతంగా మందు ఆపవద్దు. ఫిట్సు వస్తే తల్లికీ బిడ్డకూ ప్రమాదం. కడుపు రాకముందే డాక్టరును కలిసి మందు మార్పించుకోవాలి.

చక్కెర జబ్బు ఉన్నవాళ్ళు. ముందే చక్కెరను అదుపులోకి తెచ్చుకోవాలి.

కడుపు వచ్చాక స్కానింగు కూడా చేయించుకోవాలి. ఐదో నెలలో చేసే స్కానింగును టిఫా స్కాన్ అంటారు. బిడ్డ తల, వెన్ను, గుండె సరిగా ఉన్నాయా అని అందులో చూస్తారు. తల లోపం అంతకన్నా ముందు చేసే స్కానింగులోనే తెలియవచ్చు.

వీపు మీద తిత్తితో బిడ్డ పుడితే దాచవద్దు. పసరు, పసుపు రాయవద్దు. శుభ్రమైన తడిబట్ట కప్పాలి. బిడ్డను బోర్లా పడుకోబెట్టాలి. వెంటనే వరంగల్ ఎంజీఎం లాంటి పెద్ద దవాఖానకు తీసుకుపోవాలి. ఆపరేషన్ చేస్తారు. అలాంటి పిల్లలు బడికి పోతారు. చదువుతారు. వాళ్ళకు మన జాలి కన్నా మన సాయం ముఖ్యం.

ఆ రాత్రి

నర్సమ్మ చెప్పడం ముగించింది. కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

అప్పుడు మూలన కూర్చున్న కోడలు తల ఎత్తింది. మొదటిసారి నోరు విప్పింది.

"అక్కా, నాకు గోలీలు ఇచ్చింది మూడో నెలల. ఒక్కటి కూడా వదలకుండ వేసుకున్న. ముందే వేసుకోవాలని నాకు ఎవ్వరు చెప్పలే."

నర్సమ్మ ముఖం చిన్నబోయింది. "అవును బిడ్డా. పెండ్లి అయిననాడే మేము చెప్పాలె. చెప్పలే. అది మా తప్పు. నీది కాదు" అన్నది.

"మళ్ళ నాకు బిడ్డ మంచిగ పుడుతదా?"

"ఎక్కువమందికి మంచిగనే పుడుతరు. కాకపోతే నీకు అందరిలెక్క చిన్న గోలీ చాలదు. పెద్ద మోతాదు కావాలె. అది డాక్టరే రాయాలె. వచ్చే వారం మనం వరంగల్ పోదాం. నీ భర్త కూడా రావాలె. రక్తం పరీక్ష చేయిద్దాం. గోలీలు మొదలుపెట్టి మూడు నెలలు గడిచేదాక కడుపు రాకుండ జాగ్రత్త పడండి. ఆ తరువాత ఏ స్కానింగు ఎప్పుడో డాక్టరు చెప్తరు."

అత్త అప్పటిదాకా నేల చూస్తూ కూర్చుంది. లేచి వచ్చి కోడలి పక్కన కూర్చుంది. ఏమనాలో ఆమెకు తోచలేదు. కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

"నేను కూడ వస్త దవాఖానకు" అన్నది చివరికి.

తరువాత నర్సమ్మ వైపు తిరిగింది. "నా చిన్న బిడ్డ లగ్గం మాఘమాసంల ఉన్నది. దానికి గోలీలు ఎప్పుడు మొదలుపెట్టాలె?"

"పిల్లకు పద్దెనిమిది నిండినయా?"

"ఇరవై నడుస్తున్నయి."

"అయితే ఇప్పటి నుంచే మొదలుపెట్టొచ్చు అత్తమ్మా. చీరలు, గాజులు పెడతరు గదా. ఆ పెట్టెలనే గోలీల పట్టీ కూడ పెట్టు."

అందరూ నవ్వారు. కోడలు కూడా నవ్వింది.

మరుసటి వారం ముగ్గురూ వరంగల్ పోయారు. కోడలు, భర్త, అత్త. డాక్టరమ్మ పరీక్షించి గోలీలు రాసింది. ఇంటికి వచ్చాక కోడలు గోడ మీద క్యాలెండరు తగిలించింది. గోలీ వేసుకున్న ప్రతి రోజు అంకె చుట్టూ సున్న చుట్టింది. మొదటి సున్న పక్కన తన చేతితో "గోలీ" అని రాసింది. అక్షరాలు కొంచెం వంకరగా వచ్చాయి. కానీ చదవడానికి వచ్చాయి.

చిన్న ఆడబిడ్డకు లెక్క నేర్పింది కూడా ఆమెనే. "నెల తప్పినంక కాదు చెల్లె, నెల తప్పక ముందే" అని చెప్పింది.

కొత్త మాటలు

ఫోలిక్ యాసిడ్. వెన్నుపాము. మైక్రోగ్రాము. రక్తహీనత. స్కానింగు. గడువు తేదీ.

జవాబులు చెప్పండి

1. కోడలు గోలీలు ఒక్కటి కూడా మానలేదు. అయినా ఎందుకు ఆలస్యం అయింది?

2. బిడ్డ వెన్ను గొట్టం కడుపు నిలిచిన ఎన్ని రోజులకు మూసుకుంటుంది?

3. ఐదో నెల గ్రహణం ఈ లోపానికి కారణం కాదని నర్సమ్మ ఎలా చెప్పింది?

4. వారానికి ఒక గోలీ దేనికి? రోజూ గోలీ దేనికి?

5. ఆకుకూర ముందు కడగాలా, ముందు కోయాలా? ఎందుకు?

లెక్క చేయండి

ఒక పిల్లకు మూడు నెలల్లో పెళ్ళి. ఈ రోజు నుంచి పెళ్ళి దాకా 90 రోజులు. రోజుకు ఒక గోలీ. ఒక పట్టీలో 10 గోలీలు. ఎన్ని పట్టీలు కావాలి?

మీరు చేయండి

మీ వాడలో ఈ ఏడు పెళ్ళి కాబోయే పిల్లలు ఎవరు? కొత్తగా వచ్చిన కోడళ్ళు ఎవరు? వాళ్ళ పేర్లు మీ చేతితో రాయండి. వాళ్ళ ఇంటికి పోయి ఈ పాఠం చదివి వినిపించండి. ఇంట్లో మగవాళ్ళు ఉంటే వాళ్ళనూ కూర్చోబెట్టండి. బిడ్డ ఇద్దరిదీ. లెక్క కూడా ఇద్దరికీ తెలియాలి.